సెరమైడ్ ఉండాదా అన్నా?

తిరుపతిలో రుయా ఆసుపత్రి ఎదుటి మందుల షాపుల్లో ఒకదాని దగ్గర ఈమధ్య చెవిన పడిన మాట ఇది. కాలేజీ చదివే పిల్ల ఒకతి వాళ్ళ అవ్వను వెంటబెట్టుకొచ్చింది. అవ్వ కాళ్ళు మోకాలి కింద నుంచి మడమ దాకా, నీళ్ళింకిపోయిన చెరువు అడుగులా పెళ్ళలు పెళ్ళలుగా నెర్రెలిచ్చి ఉన్నాయి. నెర్రెల అంచులు ఎర్రగా ఉన్నాయి, అక్కడక్కడా గోళ్ళతో గీరిన చారలు. షాపాయన రెండు ట్యూబులు తెచ్చి గాజు బల్ల మీద పెట్టాడు. "దీంట్లో సెరమైడ్ ఉండాదా అన్నా?" అని అడిగిందా పిల్ల. "ఒగటి కాదు పాపా, మూడు ఉండాయి" అంటూ ఆయన అట్టపెట్టె తిప్పి మూడు పేర్లనూ వేలితో చూపించాడు. 50 గ్రాముల ట్యూబు ఒకటి కొనుక్కుని వెళ్ళిపోయారు.

ఆ పిల్లను తప్పు పట్టడానికి లేదు. వాసన చూసి, తెల్లబడతామన్న ఆశతో క్రీములు కొనే అలవాటు నుంచి లోపల ఏముందో అడిగే దాకా వచ్చామంటే మంచి మార్పే. షాపాయనా అబద్ధం చెప్పలేదు. సెరమైడ్ అంటే చర్మం పై పొరలో ఉండే ఒక రకం కొవ్వు, పెట్టె మీద నిజంగానే మూడు సెరమైడ్లున్నాయి. కానీ చర్మానికి కావలసిన మూడు వేరు, ఆయన చూపించిన మూడు వేరు. చర్మంలో ఉండే కొవ్వులనే తయారుచేసి క్రీములో కలిపి, 'స్కిన్ ఐడెంటికల్' అని పేరు పెట్టి అమ్ముతున్న ఈ కాలంలో ఆ తేడా తెలియకపోతే డబ్బు పోతుంది, దురద మాత్రం ఉండిపోతుంది.

ఏ మూడు?

చర్మం పై పొరను ఇటుకల గోడతో, కణాల మధ్య కొవ్వును ఆ ఇటుకల మధ్య సున్నంతో పోల్చడం అందరూ వినే ఉంటారు. కాలిఫోర్నియాలో పీటర్ ఎలియాస్ 1980ల మొదట్లో ప్రచారంలోకి తెచ్చిన పోలిక అది. ఆ సున్నంలో ఏముందన్నదే మనకు ముఖ్యం. బరువు లెక్కన చూస్తే సగం దాకా సెరమైడ్లు, పావు వంతు కొలెస్టరాల్, ఓ పది పదిహేను శాతం విడి కొవ్వు ఆమ్లాలు. సెరమైడ్ అణువు మిగతా రెండింటికన్నా బాగా బరువైంది కాబట్టి, అణువుల లెక్కన చూస్తే మూడూ దాదాపు సరిసమానం. ఒకచోట సెరమైడ్ సగం అనీ, ఇంకోచోట మూడూ సమానమనీ చదివి తికమకపడేవాళ్ళకు జవాబు ఇదే. రెండూ నిజమే, తూకం వేరు, లెక్కపెట్టడం వేరు.

పెట్టె మీద షాపాయన చూపించినవి సెరమైడ్ ఎన్పీ, ఏపీ, ఈఓపీ. ఆ అక్షరాలు ఆ అణువులో ఏ రకం కొవ్వు ఆమ్లం ఏ రకం మూలానికి అతుక్కుందో చెప్పే గుర్తులు. పాత క్రీము పెట్టెల మీద ఇవే 3, 6-2, 1 అంకెలతో ఉండేవి. మూడూ సెరమైడ్లే, అంటే మూడూ ఒక్క జాతివే. కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లం లేకుండా ముప్పై రకాల సెరమైడ్లు కలిపినా సున్నంలో ఒక్క పాలే పడ్డట్టు.

ఒక్క పాలు పడితే ఏమవుతుంది, కొంత మేలైనా జరగదా అనిపిస్తుంది. ఇక్కడే ఈ విషయం మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమని తోచే ఫలితం ఒకటుంది. ఎలియాస్, ఫైన్‌గోల్డ్ బృందం 1993లో ఎలుకల చర్మం మీది కొవ్వును అసిటోనుతో తుడిచేసి, ఆ తర్వాత ఈ కొవ్వులను విడివిడిగానూ జతలుగానూ కలిపిగానూ పూసి చూసింది. ఏ ఒక్కదాన్ని పూసినా, ఏ రెండింటిని కలిపి పూసినా చర్మం కోలుకోవడం ఆలస్యమైంది. ఏమీ పూయని చర్మం వాటికన్నా ముందే కోలుకుంది. మూడూ కలిపితేనే మామూలు వేగానికి వచ్చింది. తర్వాత 1996లో ఇంకో మెట్టు ఎక్కారు. కొలెస్టరాల్, సెరమైడ్, రెండు రకాల కొవ్వు ఆమ్లాలు, ఈ నాలుగింటిలో ఒకదాన్ని మూడు రెట్లు పెంచి 3:1:1:1 పాళ్ళలో పూస్తే మామూలు కన్నా త్వరగా కోలుకుంది. 'ఫిజియలాజికల్ లిపిడ్' అని రాసుకునే ఖరీదైన క్రీముల్లో చాలావాటికి మూలం ఈ పాళ్ళే.

పూసిన కొవ్వు పైనే ఆగిపోదు. కొంత లోపలి సజీవ కణాల్లోకి దిగి, అక్కడ కణం సొంతంగా చేసుకుంటున్న కొవ్వుతో కలిసి చిన్న చిన్న పొట్లాలుగా కట్టుకుని మళ్ళీ పైకి వస్తుంది. పాళ్ళు తప్పిన సరుకు లోపలికి పోతే ఆ పొట్లాలు సరిగా కట్టుకోవు. అందుకే సగం సరుకు నష్టం చేసింది. వాజలీన్ ఆ దారిలో వెళ్ళదు. అది పై పొర కణాల సందుల్లో నిండి, నీళ్ళు ఆవిరైపోకుండా ఆపుతుంది. లోపలి పని లోపల జరగనిస్తుంది.

పెట్టె వెనక చదవడం

మరి షాపులో నిలబడి చూడాల్సిందేమిటి? వరసలో ఫీనాక్సీ ఇథనాల్ ఎక్కడుందో వెతకండి. అది పాడవకుండా వేసే మందు. దానికి గరిష్ఠ పరిమితి ఒక శాతం. పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు రాయాలి కాబట్టి, దాని తర్వాత వచ్చేవన్నీ ఒక శాతం, లేదా అంతకన్నా తక్కువ. ఒక శాతం లోపు ఉన్నవాటిని ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. అంటే అక్కడ సెరమైడ్ పేరు రంగు కన్నా, వాసన కన్నా ముందుందని సంతోషించడానికి ఏమీ లేదు.

మచ్చుకు ఒక జాబితా ఇలా ఉంటుంది: నీళ్ళు, గ్లిజరిన్, కాప్రిలిక్ కాప్రిక్ ట్రైగ్లిజరైడ్, సెటియరిల్ ఆల్కహాల్, స్టియరిక్ యాసిడ్, డైమెథికోన్, ట్రైఇథనోలమైన్, ఫీనాక్సీ ఇథనాల్, కార్బొమర్, సెరమైడ్ ఎన్పీ, జాంథన్ గమ్. దీన్ని చదవడం తెలిసినవాళ్ళు ఏమంటారంటే, ఇది మంచి గ్లిజరిన్ క్రీము. అంతవరకే. సెరమైడ్ ఉన్నది చిటికెడు, కొలెస్టరాల్ అసలే లేదు. స్టియరిక్ యాసిడ్ ఉంది కదా, కొవ్వు ఆమ్లం దొరికింది కదా అనొచ్చు. పక్కనే ట్రైఇథనోలమైన్ ఉందంటే, ఆ స్టియరిక్ యాసిడ్‌లో కొంత దానితో కలిసి సబ్బుగా మారి, నూనెనూ నీళ్ళనూ విడిపోకుండా పట్టి ఉంచే పనిలో ఉంటుంది. పాతకాలపు స్నోలన్నీ ఈ పద్ధతిలో చేసినవే. అలాంటి క్రీములు కొంచెం క్షారం వైపు మొగ్గుతాయి కూడా. సెటియరిల్ ఆల్కహాల్ పేరు చూసి భయపడేవాళ్ళున్నారు. అది స్పిరిట్ కాదు, మైనం లాంటి గట్టి కొవ్వు. చర్మాన్ని ఎండబెట్టదు.

అదే జాబితాలో సెరమైడ్లతో పాటు కొలెస్టరాల్, స్టియరిక్ లేదా బెహెనిక్ లేదా లినొలీయిక్ యాసిడ్ కూడా ఉంటే, ఆ తయారుచేసినవాళ్ళకు విషయం తెలుసని అర్థం. పాళ్ళు పైకి చెప్పకపోయినా మూడు జాతులూ ఉన్నాయి. షాపులో అడగాల్సిన ప్రశ్న 'కొలెస్టరాల్ ఉండాదా?' అని. గుండెకు చెడ్డపేరు తెచ్చిన మాట కావడంతో దాన్ని పెట్టె ముందు వైపు ఎవరూ పెద్ద అక్షరాలతో వేయరు. చర్మం మీద పూసింది రక్తంలో కొలెస్టరాల్‌ను పెంచదు.

'5 శాతం సెరమైడ్ కాంప్లెక్స్' అన్న మాట దగ్గరా ఆగాలి. తయారీదార్లకు సెరమైడ్ చాలాసార్లు ముందే కలిపిన పాలలాంటి ద్రవంగా దొరుకుతుంది. అందులో నీళ్ళు, పట్టి ఉంచే పదార్థాలే ఎక్కువ, అసలు సెరమైడ్ కొద్ది. ఆ ద్రవం 5 శాతం వేస్తే సెరమైడ్ 5 శాతం వేసినట్టు కాదు.

ఆన్‌లైన్లో సెరమైడ్ పొడి తెప్పించుకుని ఇంట్లో లోషన్‌లో కలుపుకునేవాళ్ళు ఈమధ్య కనిపిస్తున్నారు. అది కుదరని పని. సెరమైడ్ గట్టి మైనం, వంద డిగ్రీల దరిదాపుల్లో గానీ కరగదు. నూనె భాగాన్ని బాగా కాచి, అందులో పూర్తిగా కరిగించి, నీళ్ళ భాగంతో వేడిమీదే కలిపి, చల్లారేదాకా తిప్పుతూనే ఉండాలి. రాగి సంగటిలో పిండి పోసి తెడ్డు ఆపితే ఉండలు కట్టినట్టే, ఇది చల్లారేటప్పుడు పలుకులు కడుతుంది. ఆ పలుకులు వేళ్ళకు ఇసకలా తగులుతాయి. పలుకుగా మారిన సెరమైడ్ చర్మం సందుల్లోకి దిగదు, తుడిస్తే పోతుంది. కొన్న క్రీము కూడా ఎండలో పెట్టిన స్కూటర్ డిక్కీలో వారం ఉండి, విడిపోయి, ఇసకలా తగులుతుంటే దాన్ని ముఖానికి వాడకపోవడమే నయం.

స్క్వాలేన్ గురించి ఒక్క మాట. దాన్నీ 'చర్మంలో ఉన్నదే' అని అమ్ముతారు. చర్మంలో సహజంగా ఉండేది స్క్వాలీన్. అది నూనె గ్రంథులు స్రవించే జిడ్డులో ఉంటుంది, ఇటుకల మధ్య సున్నంలో కాదు. క్రీముల్లో వేసే స్క్వాలేన్ దానికి హైడ్రోజన్ చేర్చి చెడిపోకుండా చేసిన రూపం. హాయిగా జారే మంచి నూనె, అంతకుమించి గోడ కట్టే పని దానిది కాదు. ఈ తేడా మన ఎండల్లో మరీ ముఖ్యం. మే నెలలో ముఖం నిగనిగలాడుతూ జిడ్డు కారుతుంటే 'నాకెందుకు మాయిశ్చరైజర్' అనుకుంటారు. జిడ్డు వేరు, కాపు (చర్మాన్ని కాచే ఆ గోడ) వేరు. పైన జిడ్డు కారుతూ, కింద సున్నం ఊడిపోయి, ఫేస్‌వాష్ తగిలితే మండే ముఖాలు ఎన్నో.

శెనక్కాయ నూనె, కొబ్బరి నూనె

చిత్తూరు జిల్లాలో పుట్టినవాళ్ళకు వెంటనే వచ్చే ప్రశ్న, ఇంట్లో గానుగ నూనె ఉండగా ఈ ట్యూబులెందుకు అని. న్యాయమైన ప్రశ్న.

వంటనూనె ఏదైనా ట్రైగ్లిజరైడే. మూడు కొవ్వు ఆమ్లాలు ఒక గ్లిజరాల్‌కు కట్టేసి ఉంటాయి. చర్మానికి కావలసింది విడి కొవ్వు ఆమ్లం, అదీ ఎక్కువగా 22 నుంచి 26 కర్బనాల పొడవు గొలుసులది. నూనెల్లో ఉన్నవి ఎక్కువగా 18 కర్బనాలవి, కొబ్బరి నూనెలో 12 కర్బనాలది. కాబట్టి ఏ నూనే స్కిన్ ఐడెంటికల్ కాదు. అంతమాత్రాన పనికిరాదని కాదు. ఫిలిప్పీన్స్‌లో ఎగ్జిమా (చర్మం పొడిబారి, ఎర్రబడి, దురదపెట్టే జబ్బు) ఉన్న పిల్లల మీద చేసి 2014లో ప్రచురించిన పరీక్షలో కొబ్బరి నూనె మినరల్ ఆయిల్ కన్నా బాగా పనిచేసింది. చర్మంతో పోలిక లేని పదార్థం పనిచేసిందంటే, 'ఐడెంటికల్' అన్న మాటకు మనం ఇస్తున్న విలువ కొంచెం తగ్గించుకోవాలి.

నూనెల్లో ఏది అన్నది కూడా చూడాలి. ఒలీయిక్ ఆమ్లం ఎక్కువున్న నూనె పై పొర కొవ్వుల వరసను చెదరగొడుతుంది. లినొలీయిక్ ఎక్కువున్నది నిలబెడుతుంది. 2013లో ఆలివ్ నూనెనూ పొద్దుతిరుగుడు నూనెనూ మనుషుల చేతుల మీద పోల్చి చూస్తే ఆలివ్ నూనె కాపును దెబ్బతీసింది, పొద్దుతిరుగుడు తీయలేదు. పసిపిల్లలకు మర్దన చేయమని ఖరీదైన ఆలివ్ నూనె బహుమతిగా ఇచ్చే ఇళ్ళు దీన్ని గమనించాలి. శెనక్కాయ నూనెలో ఒలీయిక్ పాలే ఎక్కువ. నువ్వుల నూనెలో రెండూ ఇంచుమించు సమానం. అయితే కొత్త రకం పొద్దుతిరుగుడు నూనెల్లో 'హై ఒలీయిక్' అని ఉంటే అది ఆలివ్ దారిలోకే వస్తుంది.

శెనక్కాయ నూనె విషయంలో ఇంకో భయం ఉంది. ఎగ్జిమాతో పగిలిన పసిచర్మం మీద శెనక్కాయ ప్రొటీన్ తగులుతూ ఉంటే, ఆ బిడ్డకు తర్వాత శెనక్కాయలు పడకుండా పోయే ప్రమాదం ఉందని 2003లో బ్రిటన్‌లో వచ్చిన అధ్యయనం సూచించింది. అక్కడ చూసింది శెనక్కాయ నూనె కలిపిన పూతమందుల గురించి. రిఫైన్డ్ నూనెలో ప్రొటీన్ దాదాపు ఉండదు, గానుగ నూనెలో మడ్డితో పాటు కొంత మిగులుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు తలంటుకు ఏ నూనె రాసుకున్నా నాకు పేచీ లేదు. ఒళ్ళంతా ఎర్రగా పగిలిన ఆరు నెలల బిడ్డకు మాత్రం గానుగ శెనక్కాయ నూనె వద్దే వద్దు. కొబ్బరి నూనె రాయండి.

ఉప్పునీళ్ళు, సబ్బు

ఇంతసేపూ బయట నుంచి ఏం పూయాలన్న మాటే. అసలు చర్మం ఈ కొవ్వుల్ని రోజూ సొంతంగా చేసుకుంటుంది. ముడిసరుకుగా గ్లూకోసిల్ సెరమైడ్, స్ఫింగోమయెలిన్, ఫాస్ఫోలిపిడ్లను ఇటుకల మధ్యకు వదిలి, అక్కడే ఎంజైములతో వాటిని సెరమైడ్లుగా, కొవ్వు ఆమ్లాలుగా మారుస్తుంది. ఆ ఎంజైములకు పులుపు కావాలి. పీహెచ్ అనే అంకె ఏడు కన్నా తగ్గేకొద్దీ పులుపు, పెరిగేకొద్దీ క్షారం. చర్మం పీహెచ్ 5 చుట్టుపక్కల ఉంటేనే అవి చురుగ్గా పనిచేస్తాయి. మన స్నానం సబ్బుల పీహెచ్ 9 నుంచి 10. రోజుకు రెండుసార్లు ఒళ్ళంతా సబ్బు రుద్దుకునే మనిషి, గోడ కట్టే మేస్త్రీని రోజుకు రెండుసార్లు పని మాన్పించి పంపుతున్నట్టు. సబ్బు పెట్టె మీద టీఎఫ్ఎం 76 శాతం అని చూసి చర్మానికి మంచిదనుకుంటారు. అది సబ్బులో కొవ్వు పదార్థం ఎంతుందో చెప్పే అంకె, అంటే కల్తీ తక్కువని భరోసా. పీహెచ్ దానివల్ల తగ్గదు.

దీనికి తోడు నీళ్ళు. తిరుపతి శివారు అపార్ట్‌మెంట్లలో, చిత్తూరు వైపు పల్లెల్లో బోరు నీళ్ళు ఎలా ఉంటాయో బకెట్టు అంచు చూస్తే చాలు. తెల్లటి గార గీకినా రాదు. ఆ నీళ్ళలోని కాల్షియం సబ్బుతో కలిసి కరగని మడ్డిగా చర్మానికి అంటుకుంటుంది. గట్టినీళ్ళతో కడిగితే డిటర్జెంటు చర్మం మీద ఎక్కువ మిగిలిపోతుందని, ఎగ్జిమా ఉన్నవాళ్ళకు మంట ఎక్కువవుతుందని 2018లో ఇంగ్లండులో ప్రయోగం చేసి చూపించారు. నురగ రాలేదని మనం ఇంకో చుట్టు సబ్బు రుద్దుతాం. కాళ్ళు మరింత పగులుతాయి.

అవ్వ కాళ్ళకు క్రీము కన్నా ముందు మారాల్సింది ఇదే. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు చాలు. మోకాళ్ళ కింద, చేతుల మీద ఉత్త నీళ్ళు. కాగిన నీళ్ళు కాదు, గోరువెచ్చనివి. పది నిమిషాల్లో స్నానం ముగించాలి. బోరు నీళ్ళే గతి అయితే చివర్లో రెండు చెంబుల మంచినీళ్ళు కాళ్ళ మీద పోసుకుంటే చాలా మడ్డి పోతుంది. సున్నిపిండి పీహెచ్ సంగతి పరవాలేదు గానీ, బరకగా రుద్దడం వల్ల పై పొర లేచిపోతుంది. పగిలిన చర్మానికి ఆ నలుగు వద్దు. తువ్వాలుతో ఒత్తుకుని, తడి పూర్తిగా ఆరకముందే, అంటే రెండు మూడు నిమిషాల్లో, క్రీము పూయాలి.

ఇవన్నీ చేశాక కూడా పీహెచ్ సంగతి తెలిసినవాళ్ళు ఇంకో పని చేస్తారు, 2 నుంచి 5 శాతం నియాసినమైడ్ ఉన్న లోషన్ ఎంచుకుంటారు. అది సెరమైడ్‌ను బయట నుంచి ఇవ్వదు, చర్మం సొంతంగా ఎక్కువ చేసుకునేలా పురిగొల్పుతుంది. సెరమైడ్ కన్నా చాలా చవక, నీళ్ళలో కరుగుతుంది కాబట్టి కలపడం తేలిక. నెర్రెల మీద మాత్రం మండుతుంది. పగుళ్ళు మానాకే దాన్ని మొదలుపెట్టాలి.

అయితే ఖరీదైన క్రీము అక్కరలేదా?

ఇక్కడ నా వాదనకు నేనే అడ్డం పడాలి. 1993, 1996 ఫలితాలు చూస్తే మూడు కొవ్వుల క్రీము మిగతావాటిని ఓడించాలి. 2011లో ఎగ్జిమా ఉన్న 39 మంది పిల్లల మీద, 3:1:1 లెక్కన చేసిన ప్రిస్క్రిప్షన్ క్రీమును, ఇంకో ఖరీదైన క్రీమును, మామూలు పెట్రోలేటం (వాజలీన్ రకం) ఆయింట్‌మెంట్‌ను పోల్చి చూశారు. మూడింటికీ తేడా తేలలేదు. ఖర్చులో మాత్రం ఆయింట్‌మెంట్ ఎంతో చవక. చిన్న పరీక్షే, కాబట్టి దాంతోనే తీర్పు చెప్పలేం. 2022లో బ్రిటన్‌లో 550 మంది పిల్లల మీద లోషన్, క్రీము, జెల్, ఆయింట్‌మెంట్ నాలుగింటినీ పోల్చినా ఒకటి గొప్ప అని తేలలేదు. ఎలుక వీపు మీద అసిటోను పుండు ఒకసారి చేసింది. పిల్లవాడి మోచేతి మడతలో వాపు, దురద, గీరుడు రోజూ కొత్తగా పుండు చేస్తుంటాయి. రెండూ ఒకటి కావు.

అలాగని వాజలీనే పూసుకోమని తిరుపతిలో చెప్పి చూడండి. ఏప్రిల్, మే నెలల్లో 42 డిగ్రీలు దాటే ఊళ్ళో, కరెంటు పోయిన మధ్యాహ్నం, ఒంటి మీద వాజలీన్ మందంగా ఉంటే చెమట బయటకు రాక చెమటకాయలు పేలతాయి. పిల్లలు ఏడుస్తారు, బట్టలు అంటుకుంటాయి, మూడో రోజుకు డబ్బా అటక ఎక్కుతుంది. పూయని మందు ఎంత మంచిదైతే ఏం లాభం? తేలిగ్గా ఇంకిపోయే సెరమైడ్ క్రీముకు ఇక్కడ ఉన్న నిజమైన బలం అదే. మన వేసవిలో అది భరించగలిగే పూత. పరీక్షల్లో తేడా తేలకపోయినా రోజూ పూసుకోగలగడంలో తేడా ఉంటుంది. చలికాలం రాత్రుళ్ళు, పలమనేరు వైపు చలిగాలిలో, వాజలీన్‌కు తిరుగులేదు.

అందువల్ల నేను నలుగురికి మాత్రం డబ్బు పెట్టమంటాను. ఎగ్జిమా ఉన్న పిల్లలు మొదటివాళ్ళు. వాళ్ళ చర్మంలో సెరమైడ్ తగ్గడమే కాక గొలుసులు పొట్టిగా తయారవుతాయి కాబట్టి సెరమైడ్ పాలు ఎక్కువున్నది కావాలి. అవ్వ లాంటి వయసు మళ్ళినవాళ్ళకు కొలెస్టరాల్ తయారీయే ముందు మందగిస్తుంది. 1997లో వయసు మళ్ళిన చర్మం మీద చూసినప్పుడు కొలెస్టరాల్ మూడు రెట్లున్న మిశ్రమమే కోలుకునే వేగం పెంచింది. మొటిమలకు ట్రెటినాయిన్, అడాపలీన్ మందులు రాసుకుంటూ ముఖం పొట్టు రేగేవాళ్ళు మూడోవాళ్ళు. నాలుగోవాళ్ళు, తెల్లబడటానికని స్టెరాయిడ్ కలిసిన క్రీము నెలల తరబడి రాసుకుని ఇప్పుడు మానుకుంటున్నవాళ్ళు. స్టెరాయిడ్ చర్మం కొవ్వు తయారీనే అణిచేస్తుంది. వాళ్ళకు సెరమైడ్ తోడు మాత్రమే, మానే పద్ధతి చర్మవైద్యుడే చెప్పాలి. ఒక్కసారిగా మానితే ముఖం మండిపోతుంది.

గుండ్రంగా, అంచు ఎర్రగా లేచి, మధ్యలో మానినట్టుండి, గజ్జల్లో నడుం దగ్గర దురద పెట్టే మచ్చను మాత్రం పొడిబారడం అనుకోకండి. అది తామర, ఫంగస్. దానికి ఏ సెరమైడూ మందు కాదు.

గుండు కొట్టించిన బిడ్డ తల

మన ఊరి ప్రత్యేకమైన చర్మ సమస్య ఇది. కళ్యాణకట్టలో తలనీలాలిచ్చాక బ్లేడు వెంట్రుకతో పాటు పై పొరను కూడా కొంత గీకి తీసుకుపోతుంది. పెద్దవాళ్ళ తలకు నూనె గ్రంథులు ఎక్కువ, ఒకటి రెండు రోజుల్లో జిడ్డు మళ్ళీ పరుచుకుంటుంది. పసిపిల్లల్లో ఆ గ్రంథులు ఇంకా నిద్రలో ఉంటాయి. అందుకే వారం తిరక్కుండా బిడ్డ తల పొట్టు రాలుతుంది, ఎండ తగిలితే ఎర్రబడుతుంది. కొందరు భయపడి నీళ్ళు కలపని యాంటిసెప్టిక్ తల మీద పోస్తారు. అది మరీ తప్పు. ఆ రోజు సబ్బు పెట్టకుండా మంచినీళ్ళతో కడిగితే చాలు. గంధం పూస్తే అరగదీసినదైతే మేలు, వాసన కలిపిన పొడి వద్దు. ఎండి బిగుసుకునే దాకా ఉంచకుండా అరగంటలో తడిపి తీసేసి, పల్చగా కొబ్బరి నూనె రాసి, బట్ట టోపీ పెట్టండి. ఇక్కడ సెరమైడ్ క్రీము కొననక్కరలేదు. నాలుగైదు రోజుల్లో చర్మమే సర్దుకుంటుంది.

ఇక అవ్వ ట్యూబు. వేలి చివరి గీత నుంచి కొస దాకా ట్యూబు నుంచి పిండితే అర గ్రాము వస్తుంది. అది వేళ్ళతో సహా రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. ఒక కాలికి అలాంటివి ఆరు, పాదానికి రెండు పడతాయి. మోకాలి కింద వరకే అనుకున్నా రెండు కాళ్ళకూ పాదాలకూ కలిపి పూటకు పది, అంటే 5 గ్రాములు. రోజుకు రెండు పూటలు, 10 గ్రాములు. ఆ 50 గ్రాముల ట్యూబు ఐదు రోజులకు వస్తుంది. నెలంతా సాగదీస్తే పూటకు ఒక గ్రాము కూడా పడదు, అప్పుడు లోపల సెరమైడ్ మూడున్నా ముప్పై ఉన్నా కాళ్ళ నెర్రెలు అలాగే ఉంటాయి. అంత డబ్బు పెట్టలేకపోతే ఆ ట్యూబును నెర్రెలు ఎర్రబడిన చోట్లకే ఉంచి, మిగతా కాలికంతా అర కిలో డబ్బాలో దొరికే గ్లిజరిన్, పారాఫిన్ క్రీము పగలు, రాత్రికి పల్చగా వాజలీన్ పూస్తే సరిపోతుంది. మడమల పగుళ్ళకు వేరే, 20 శాతం యూరియా ఉన్నది. అది పాదం అడుగున మాత్రమే, కాలి నెర్రెల మీద పడితే భగ్గుమంటుంది. రెండు వారాలు ఇలా చేసినా ఎర్రదనం తగ్గకపోయినా, రసి కారినా రోడ్డు దాటి రుయాలో చర్మం ఓపీకి చూపించాలి.